నీళ్ల వంతు

తొంభై మూడు ఎండాకాలంలో మా కంపెనీ క్యాంటీన్ మొత్తం ఒక హంతకుడి కోసం వెతికింది.

అదంతా ఒక వారపత్రిక వల్ల మొదలైంది. అందులో 'మోటబావి కేసు' అని సీరియల్ వచ్చేది. పోలీసు చర్య జరిగిన రెండు మూడేళ్లకు, జిన్నారం దగ్గర ఒక పల్లెలో, తెల్లవారుజామున మోట కొడుతున్న రైతును ఎవరో గడ్డపారతో కొట్టి బావిలో పడేశారు. నిజంగా జరిగిన కథ అని పైన పెద్దక్షరాల్లో వేసేవాళ్లు. పేర్లు మార్చామని కింద చిన్నక్షరాల్లో వేసేవాళ్లు. గురువారం పాశమైలారం గేటు దగ్గరి పాన్‌డబ్బాకు పత్రిక వచ్చేది. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒకరు పైకి చదివితే బల్ల చుట్టూ అందరూ వినేవాళ్లు. తెలుగు రాని బీహారు కుర్రాళ్లు ప్లేట్లు పట్టుకుని వచ్చి, "ఆగే క్యా హువా భాయ్?" అని అడిగి మరీ హిందీలో చెప్పించుకునేవాళ్లు.

"పెండ్లామే సంపిచ్చింది, సూస్కోర్రి," అన్నాడు స్టోర్స్‌లో పనిచేసే సోమయ్య.

"కాదే. పొత్తుల బాయి అని రాసిండు గద. బాయిల సగం పాలున్నోడే సంపిండు. నీళ్ల వంతు కాడ లొల్లయి ఉంటది," అన్నాడు బాయిలర్ ఆపరేటర్.

అది మా ఊరి కథ అని ఆ బల్ల దగ్గర ఇద్దరికే తెలుసు. ఒకడు నేను. రెండోవాడు నా పక్కన కూర్చుని అన్నం కలుపుకుంటున్న వెంకటేశం. చచ్చిపోయిన రైతు పెద్దరాములు వెంకటేశం తండ్రి. అప్పటికి వెంకటేశం ఇంకా తల్లి కడుపులో ఉన్నాడు. ఆ బావిలో సగం పాలున్నవాడు మా తాత అంజయ్య.

మా ఇంట్లో ఈ సంగతి వేరేగా చెప్పుకునేవాళ్లం. పెద్దరాములును దొంగలు చంపారు. గిట్టనివాళ్లు తాత మీద కేసు పెట్టారు. సంగారెడ్డి కోర్టు నిర్దోషి అని వదిలేసింది. చుట్టాలు వచ్చినప్పుడల్లా మా నాయన ఈ ముచ్చట గొంతు పెంచి చెప్పేవాడు. నేను దాన్ని నమ్మే పెరిగాను. తాత పోయి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది.

"నువ్వేమంటవ్ వెంకటేశమన్నా?" అని అడిగాడు సోమయ్య.

"మంచిగ రాస్తుండు," అన్నాడు వెంకటేశం.

ఆ సాయంత్రం రోజూలాగే నా స్కూటర్ వెనక కూర్చుని ఊరికి వచ్చాడు. దారంతా అతని ఊపిరి నా మెడకు తగులుతూనే ఉంది. అన్ని రోజులు లేనిది, ఆ రోజే నాకది తెలిసింది.

* * *

మా నాయన మొగులయ్య చదువు నిజాం కాలంలో ఉర్దూలో సాగింది. తెలుగు కూడబలుక్కోవడమే తప్ప గబగబా చదవలేడు. అందుకని గురువారం సాయంత్రాలు నా భార్య సుమిత్ర పత్రిక చదివేది, నాయన వాకిట్లో మంచం మీద కూర్చుని వినేవాడు. మొదట్లో ఉత్సాహంగానే విన్నాడు. "గా గుట్ట గట్ల ఉండదు, తప్పు రాసిండు," అని దిద్దేవాడు కూడా.

కోర్టు భాగం వచ్చిన వారం ఆ ఉత్సాహం ఆగిపోయింది.

అందులో ఇలా ఉంది: ముద్దాయి కొడుకు పద్దెనిమిదేళ్ల యువకుడు బోనెక్కి, ఆ రాత్రంతా తన తండ్రి తనతోనే చెరుకు గానుగ దగ్గర బెల్లం వండుతున్నాడని చెప్పాడు. ఆ ఒక్క మాటతో కేసు కొట్టేశారు. అయితే ఆ రాత్రి గానుగ పొయ్యిలో నిప్పే లేదు. ఆ మాట కొడుకు చేత చెప్పించిన వకీలు ముసలితనంలో తన నోటితో తానే ఈ రచయితకు ఆ సంగతి చెప్పాడు.

సుమిత్ర చదవడం ఆపి నా వైపు చూసింది.

"సదువు," అన్నాడు నాయన.

"గంతే మామా. తరువాయి వచ్చే వారం అని ఉన్నది."

నాయన లేచి వెళ్లి వీధి తలుపు గొళ్లెం పెట్టాడు. ఇంకా పొద్దు గూకలేదు. ఆ వేళకు మా ఊళ్లో ఎవరూ తలుపు వేయరు.

"నాయినా, గది నిజమేనా?" అని అడిగాను.

"కోర్టు ఇడిచిపెట్టింది."

"నేనడిగింది గది కాదు."

"కోర్టు ఇడిచిపెట్టింది సంగమేశూ," అన్నాడు మళ్లీ, గోడ వైపు తిరిగి.

ఆ రోజు నుంచి మేము బయట పడుకోవడం మానేశాం. ఊరంతా వాకిళ్లలో మంచాలు వేసుకుంటే మేము మాత్రం రేకుల కింద ఉడికిపోయాం. పిల్లలు చెమటకు ఏడిస్తే సుమిత్ర విసనకర్రతో విసిరేది. ఎందుకు లోపల పడుకుంటున్నామో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. వీధిలో కుక్క మొరిగితే ముగ్గురికీ మెలకువ వచ్చేది. వెంకటేశం ఇల్లు మాకు నాలుగో ఇల్లు. నడుమ మూడు ఇళ్లే.

ఆ ఇంటివాళ్లతో మాకు ఏ తగాదా లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. పెళ్లిళ్లకు పిలుచుకుంటాం. మా నాయనను వెంకటేశం కాకా అంటాడు, నన్ను తమ్మీ అంటాడు. దారిలో నాయన ఎదురైతే సైకిల్ దిగి నడుస్తాడు. అలాంటి మనిషి ఇప్పుడు ఏం అనుకుంటున్నాడో అతని ముఖంలో కనిపించడం లేదు.

* * *

ఆ సీరియల్ రాసే సూర్యప్రకాశరావు గారు పెద్ద ప్రభుత్వ కర్మాగారంలో పనిచేసి రిటైరై బీరంగూడలో ఇల్లు కట్టుకున్నారని పత్రిక ఏజెంటు చెప్పాడు. డ్యూటీ లేని రోజు చూసి వెళ్లాను. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. నేను ఫలానా అంజయ్య మనవడినని చెప్పగానే ఆయన భార్య హైమావతి గారు చేతిలోని కూరగాయల పళ్లెం కింద పెట్టేశారు.

"ఏమండీ, విన్నారా! అంజయ్యగారి మనవడుట! అచ్చం మీరు రాసినట్టే ఉన్నాడు చూడండి, ఆ కనుబొమలూ అవీ!"

నాకు కాఫీ ఇచ్చారు. ఇస్తూ, "వెనక వీధి కమలాకుమారి, నేను పందెం వేసుకున్నాం బాబూ. కొడుక్కి కూడా చేయి ఉందని ఆవిడ, లేదని నేను. మీరైనా చెప్పండి, ఉందా?" అని అడిగారు. ఆవిడ ముఖంలో ఏ చెడ్డతనమూ లేదు. కథ చదివేవాళ్లు అడిగినట్టే అడిగారు.

గ్లాసు కింద పెట్టాను. "సార్, గా సీరియల్ ఆపుర్రి," అన్నాను.

"నేను ఎవరి పేరూ రాయలేదే," అన్నారు సూర్యప్రకాశరావు గారు నెమ్మదిగా.

"బాయి రాసిండ్రు. గుట్ట రాసిండ్రు. ఇగ పేరెందుకు సార్? గా సచ్చిపోయినాయిన కొడుకుతోని నేను ఒక్క మిషిని కాడ పని చేస్త."

ఆయన కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నారు. నా మీద జాలిపడ్డారనుకున్నాను.

"అలాగా? ఆయన ఏమంటున్నాడు? చదువుతున్నాడా?" అన్నారు.

నేను జవాబు చెబితే అది కూడా అచ్చులోకి ఎక్కుతుందని అప్పుడు అర్థమైంది. లేచాను. గుమ్మం దాకా వచ్చి ఆయన, "ఇంకా రెండు వారాలే బాబూ. ఇప్పుడు ఆపితే పాఠకులు ఊరుకోరు," అన్నారు. పాఠకులు ఊరుకోకపోతే ఏం చేస్తారో నాకు తెలియదు. మా ఊళ్లో ఒక్క పాఠకుడు ఊరుకోకపోతే ఏమవుతుందన్నదే నా భయం.

ఆ ఆదివారమే వాళ్లు వచ్చారు. రెండు స్కూటర్లు, ఒక ఆటో. హైమావతి గారు, ఆవిడ స్నేహితురాళ్లు, కొందరు పిల్లలు. మా ఇల్లని తెలియక మా వాకిట్లోనే ఆగి, మంచం మీద ఉన్న నాయనను అడిగారు.

"తాతగారూ, ఆ హత్య జరిగిన బావి ఎక్కడండీ?"

నేను లోపలి నుంచి పరుగెత్తుకొచ్చేసరికి నాయన లేచి కండువా వేసుకుంటున్నాడు. "రార్రి," అన్నాడు వాళ్లతో. వద్దని చెప్పబోతే నన్ను చూడను కూడా చూడలేదు. ఆ ఎండలో వాళ్ల ముందు నడిచాడు.

మోట పోయి చాలా కాలమైంది. కంపెనీలు వచ్చాక ఆ బావి నీళ్లు ఎడ్లు కూడా ముట్టవు. అడుగున ఉన్న కాసిని నీళ్లు తుప్పు రంగులో ఉంటాయి.

"అయ్యో, ఇంకా ఎర్రగానే ఉందే!" అంది ఒక అమ్మాయి. ఎవరో నవ్వారు. ఎవరో కెమెరా తీసి, బావి పక్కన స్థానికులు ఒకరు ఉంటే బాగుంటుందని నాయనను ఒడ్డు మీద నిలబడమన్నారు. నాయన నిలబడ్డాడు.

తిరిగి వచ్చేటప్పుడు వెంకటేశం తన గడపలో నిలబడి ఉన్నాడు. నాయనను, ఆ వెనక వస్తున్న జనాన్ని చూశాడు. నాయన ఎదురైతే సైకిల్ దిగి నడిచే మనిషి ఆ రోజు గడప కూడా దిగలేదు. అలాగే చూస్తూ నిలబడ్డాడు.

* * *

మే నెలలో కంపెనీ ప్లాంటు ఆపి శుభ్రం చేస్తారు. భూమిలోపల కట్టిన వ్యర్థాల ట్యాంకులోకి ఒకరు దిగి అడుగున పేరుకున్న మడ్డి గీకాలి. దిగినవాడి నడుముకు తాడు కట్టి పైన ఇంకొకడు పట్టుకుంటాడు. రెండుసార్లు లాగితే పైకి తీయాలని గుర్తు. కిందటి ఏడాది పక్క కంపెనీలో ఇలాంటి ట్యాంకులోనే ఇద్దరు ఒడిశా కూలీలు దిగి, లేవలేదు.

మా సూపర్‌వైజర్ నరసరాజు గారు చూసి, "సంగమేశ్వర్, నువ్వు సన్నగా ఉన్నావు, నువ్వు దిగు. వెంకటేశం తాడు పట్టుకుంటాడు," అన్నారు.

నేను కదలలేదు.

"ఏంటయ్యా, జ్వరమా?"

వెంకటేశం అప్పటికే తాడు చేతికి చుట్టుకుంటున్నాడు. నా నడుముకు ముడి తానే వేశాడు. గట్టిగా లాగి చూశాడు. వద్దు అనడానికి ఏ కారణం చెప్పాలో తెలియక దిగాను.

నిచ్చెన అడుగున కాలు పెట్టగానే కళ్లు మండాయి. పైన బ్లోయర్ గొట్టం నుంచి గాలి వస్తోంది. గుండ్రటి కంత, అందులో తెల్లటి ఆకాశం, అంచున వెంకటేశం తల. పారతో గీకడం మొదలుపెట్టాను. గీకుతూ పైకి చూస్తున్నాను, చూస్తూ గీకుతున్నాను. ఒకసారి తల ఎత్తేసరికి అంచున ఎవరూ లేరు.

బ్లోయర్ చప్పుడు ఆగిపోయింది. తాడు వదులై, సగం నా కాళ్ల దగ్గర చుట్టలుగా పడి ఉంది.

రెండుసార్లు లాగాను. తాడు తేలిగ్గా నా చేతిలోకే వచ్చింది. అరవబోతే గొంతులోకి ఘాటు దిగింది. నిచ్చెన ఎటుందో తెలియలేదు. పెద్దరాములు బావిలో పడ్డప్పుడు పైన మా తాత తల ఇలాగే కనిపించి, తర్వాత కనిపించకుండా పోయి ఉంటుందనిపించింది. మోకాళ్లు మడ్డిలో దిగబడ్డాయి.

అప్పుడు నడుము ఒక్కసారి బిగుసుకుంది. చంకల కిందికి జారిన తాడు కోసుకుపోయేంత బలంగా పైకి లేచాను. అంచు మీద పడి వాంతి చేసుకున్నాను. వెంకటేశం నా వీపు మీద చరుస్తూ, "బ్లోయర్ వైరు ఊడింది తమ్మీ. పెట్టొద్దామని ఉరికిన. తాడు జారిపోయింది. మల్ల అందుకునేటాళ్లకు నా పానం పోయింది," అంటున్నాడు.

"సంపుతవనుకున్న," అన్నాను. అనుకోకుండా నోట్లోంచి వచ్చింది.

"ఎవర్ని?"

"నన్ను. గా సీరియల్ సదివి."

వెంకటేశం చేయి నా వీపు మీద ఆగింది. తర్వాత పక్కన చతికిలబడ్డాడు.

"గా సీరియల్ల మాకు కొత్త ఏమున్నది తమ్మీ?" అన్నాడు. "ఎవరు సంపిండ్రో మా అవ్వకు ఆ పొద్దే ఎర్క."

"మరి ఎన్నడు అనకపోతిరి?"

"ఎట్లంటం? ఇద్దరు ఆడపిల్లలు, కడుపుల నేను. బాయి మొత్తం మీ కిందికొచ్చె. మీరు నీళ్లిడిస్తేనే మాకు గింజలు. అంజయ్య ఎదురొస్తే దండం పెట్టాలె బిడ్డా అని నేర్పింది మా అవ్వ. ఆ ఇంటోళ్లతోని మంచిగుండు, నవ్వుకుంట మాట్లాడు, కాకా అను, అన్నది. సిన్నప్పటి సంది గదే చేసిన. నీ స్కూటర్ ఎక్కుడు గూడ గట్లనే అలవాటయింది." లేచి తాడు చుట్టుకున్నాడు. "నువ్వు నెల రోజుల సంది భయపడుతున్నట్టున్నవ్. మేము పుట్టినప్పటి సంది భయపడ్డం."

నాలుగడుగులు వేసి ఆగాడు. "మా అవ్వ కాకను ఏదో అడగాలంటది. ఏందో నాకు చెప్తలేదు. వస్తె రమ్మను. రాకుంటె మీ ఇష్టం."

ఆ సాయంత్రం అతను నా స్కూటర్ ఎక్కలేదు. కంపెనీ బస్సులో వెళ్లాడు. మర్నాడూ అంతే.

* * *

ఆఖరి భాగం ఆ గురువారమే వచ్చింది. వకీలు మాటతో, ఆరిన గానుగ పొయ్యితో ముగిసింది. బావిలో సగం పాలున్నవాడే హంతకుడని తేలింది. బాయిలర్ ఆపరేటర్ బల్ల గుద్ది, "నేను చెప్పిన్నా లేదా!" అన్నాడు. సోమయ్యకు నచ్చలేదు. "గింతేనా? ఎవరికీ శిక్ష పడకపాయె. గిదేం కథ," అని పత్రిక మడిచి దాని మీద చేపల పులుసు గిన్నె పెట్టాడు.

ఇంట్లో సుమిత్ర చదవడం పూర్తి చేశాక, వెంకటేశం నాతో అన్న మాటలన్నీ నాయనకు చెప్పాను. నాయన వింటూ ముఖం ఎత్తలేదు. చివర్లో మాత్రం, "బాగమ్మ వదినె పిలిచిందా?" అని ఒకటికి రెండుసార్లు అడిగాడు. రెండు రోజులు ఏమీ తినలేదు. ఆదివారం పొద్దున స్నానం చేసి బయలుదేరాడు. నేనూ వెనకే వెళ్లాను. ఆయనను ఏమైనా చేస్తారని భయం. చేస్తే నేనేం చేయాలో కూడా తెలియదు.

వెంకటేశం అరుగు మీద కూర్చుని కొడవలికి పిడి వేస్తున్నాడు. పక్కనే అతని తల్లి బాగమ్మ. కళ్లకు పొరలు కమ్మాయి.

"ఎవరది?"

"నేను వదినె. మొగులయ్యను."

ఆమె గబుక్కున కొంగు తల మీదికి లాక్కుని లేవబోయింది. మా ఇంటివాళ్లెవరు కనిపించినా ఆమె అలాగే లేవడం నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. పెద్దరికానికి ఇచ్చే మర్యాద అనుకునేవాణ్ని.

"లేవకు వదినె," అని నాయన అరుగు కింద నేల మీద కూర్చున్నాడు. "ఆ పొద్దు గానుగ కాడ మా నాయిన లేడు. నేను గూడ లేను."

రెండో మాట ఏ పత్రికలోనూ రాలేదు. వెంకటేశం చేతిలో కొడవలి ఆగింది. నేను దాన్ని తప్ప ఇంక దేన్నీ చూడలేకపోయాను.

"నువ్వు గూడ కొట్టినవా?" అంది బాగమ్మ.

"లేదు. నాయిన కొట్టిండు. నేను ఒడ్డు మీద నిలవడ్డ. ఆపలే."

"కొట్టింది ఎవరో నాకెర్కే. మనుమరాలితోని వారం వారం సదివిచ్చుకున్న. గందుకు గాదు." ఆమె నాయన గొంతు వచ్చిన వైపు వంగింది. "పోయేటప్పుడు ఆయిన ఏమన్నడో రాస్తరేమోనని. అండ్ల గది రాలే. నువ్వున్నవు గద. ఏమన్నడు?"

నాయన కండువా తీసి పక్కన పెట్టాడు.

"ఎడ్లను ఇప్పుమన్నడు. మా నాయిన దిక్కు సూడలే. నా దిక్కు సూసి అన్నడు. కోడి కూసినప్పటి సంది అవి తాగలే తమ్మీ, నీళ్లు తాపు అన్నడు."

బాగమ్మ చేతులు ఒడిలో పెట్టుకుంది. "ఎడ్లు వాటికవే ఇంటికొచ్చినయి," అంది. "కుడితి పెడితే మూతి పెట్టలే. కడుపులు నిండుగున్నయి. మనిషిని సంపి ఎడ్లకు నీళ్లు తాపిందెవరా అని ఇన్నేండ్లు..."

"నేనే తాపిన వదినె."

ఆమె ఏడవలేదు. తిట్టలేదు. "మన రెండిండ్ల నడుమ మూడిండ్లే గద మొగులయ్యా," అంది.

వెంకటేశం లేచాడు. కొడవలి చేతిలో పట్టుకునే ఇంట్లోకి వెళ్లాడు. నేను నాయన ముందుకు వచ్చి నిలబడ్డాను. లోపల ఏదో ఇనుప సామాను చప్పుడైంది. పరుగెత్తుదామంటే నాయన లేచే స్థితిలో లేడు. ఆ గడప వైపు చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను.

వెంకటేశం బయటికి వచ్చాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి. నన్ను దాటి వచ్చి, అరుగు ఎక్కకుండా నాయన ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు.

"ఇంకేమన్నడు మా నాయిన?" అని అడిగాడు.